పాలు పొంగించిన రోజు నేను కల్లంలో ఉన్నాను

నా చదువు మూడో తరగతితో ఆగింది. అందుకే మనవరాలు గుంటూరులో ఇంజినీరింగు చదువుతానంటే ఇంట్లో అందరికంటే ముందు సరేనన్నది నేనే. ఒక్క షరతు పెట్టాను, హాస్టల్లోనే ఉండాలని. అక్కడ గేటుంటుంది, కావలి ఉంటుంది, వేళకింత అన్నం పెడతారు. గ్యాసూ కరెంటూ అంటూ వేరే ఖర్చుండదు.

దాని చదువు మూడో ఏట, మిరప చివరి కోతలప్పుడు, కంటి డాక్టరుకు చూపించుకోవడానికి గుంటూరు వెళ్ళాను. పనిలో పనిగా పిల్లకు కొత్త కారం పట్టుకెళ్ళాను. తొడిమలు తీసి, తాలుకాయలు ఏరి, మర దగ్గర నిలబడి ఆడించిన కారం. బజారు కారం దానికి పడదు.

హాస్టలు గేటు దగ్గర కావలివాడు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆ అమ్మాయా? ఖాళీ చేసి ఎప్పుడో వెళ్ళిపోయింది కదండీ."

"ఎక్కడికి?"

"నాకెలా తెలుస్తుందండీ!"

ఊరు కాని ఊళ్ళో ఆడపిల్ల. ఎదురుగా ఎస్టీడీ బూతులోకి పోయి ఇంటికి ఫోను చేశాను. పిల్ల హాస్టల్లో లేదే అని నేను అరుస్తుంటే మా కోడలు అడిగిన మొదటి మాట ఇది: "అత్తయ్యా, మీరు హాస్టలుకెందుకు వెళ్ళారు?"

అంతే, నా భయం చప్పున దిగిపోయింది. దాని స్థానంలోకి ఇంకేదో వచ్చింది. కోడలు గొంతు తగ్గించి ఏదో అపార్టుమెంటు గుర్తులు చెప్పింది. ఆటో ఎక్కకుండా దారి అడుగుతూ నడిచిపోయాను.

తలుపు తీసింది మనవరాలి స్నేహితురాలు, దానితో చదివే పిల్ల. పాపం, మంచి పిల్ల.

"రండి మామ్మగారూ! ఇప్పుడు కాళ్ళెలా ఉన్నాయండీ?"

"నా కాళ్ళకేమైంది?"

"అదేనండీ, మేమిక్కడికి మారిన రోజు మీరు మంచం దిగలేకపోయారటగా. దీని అమ్మమ్మగారొచ్చి పాలు పొంగించారు. మీరూ వచ్చుంటే ఎంత బాగుండేదో అనుకున్నాం."

మా వైపు అద్దె ఇల్లయినా సరే, సామాను దించకముందే పొయ్యి వెలిగించి పాలు పొంగిస్తారు. ఇంటి పెద్దావిడ పొంగించాలి. మా వాళ్ళలో ఎవరు ఎక్కడ కాపురం పెట్టినా ఆ గిన్నె ముందు నన్నే నిలబెట్టేవాళ్ళు.

ఆ రోజు ఏదో నాకు వెంటనే తట్టింది. మొదటి కోత కాయ ఎండుతున్న రోజులు. మా వాడూ కోడలూ పొద్దున్నే తయారై, ఎవరిదో పెళ్ళన్నారు. "మబ్బు పట్టిందమ్మా, కూలోళ్ళని నమ్మలేం, నువ్వు కల్లం దగ్గరుండు" అన్నాడు వాడు. నేను పొద్దుగూకేదాకా కాయ తిరగేస్తూ, చినుకు పడితే పరదాలు లాగుతూ ఉన్నాను. అదే పూట ఇక్కడ నన్ను మంచాన పడేశారు.

వంటింట్లోంచి మనవరాలు వచ్చి, నన్ను చూసి ఆగిపోయింది.

"నాకు కాళ్ళ నొప్పులని ఎవరే చెప్పింది?"

"నేనే" అంది తల వంచుకుని. "నాన్న అలా చెప్పమన్నాడు."

"నాన్న గడ్డి తినమంటే తింటావా?"

స్నేహితురాలు మెల్లగా బాల్కనీలోకి జారుకుంది.

"అక్కడ నీళ్ళు రావు నాయనమ్మా, గదికి ఆరుగురం. చదువెక్కడ సాగుతుంది? నీకు చెబితే వద్దంటావు. నువ్వు వద్దంటే నాన్న ఆగిపోతాడు. అద్దె అన్న మాట వింటే ఇల్లు పీకి పందిరేస్తావు."

"వేస్తాను. వేసి, తర్వాత నేనే వచ్చి పాలు పొంగిస్తాను. మీ అమ్మ సంబంధం వద్దన్నదీ నేనే, హారతిచ్చి లోపలికి తెచ్చుకున్నదీ నేనే."

అది ఏడ్చింది. నాకు జాలి కలగలేదు. కొడుకు అబద్ధాలు నాకు కొత్త కాదు. కోడలు, ఎంతైనా వేరే ఇంటి పిల్ల. ఇది అలా కాదు. దాని తల్లి పొలానికి పోతే చంకనేసుకుని పెంచాను. శివరాత్రికి ఇంటికొచ్చినప్పుడు, హాస్టల్లో కూరలెలా ఉన్నాయే అని అడిగితే, "అవే నీళ్ళ సాంబార్లు నాయనమ్మా" అని మూతి విరిచింది. నేను నమ్మి గోంగూర పచ్చడి కట్టిచ్చాను. అప్పటికే ఇక్కడ సొంతంగా వండుకు తింటోంది.

కారం డబ్బా వంటగట్టు మీద పెట్టాను. తెచ్చింది తిరిగి మోసుకుపోయేంత పిచ్చిదాన్ని కాను. కూర్చోమంటే మాత్రం కూర్చోలేదు.

"అన్నం తిని వెళ్ళు నాయనమ్మా, వండాను."

"బస్సుంది."

మెట్ల మీద నా వెనకే దిగింది. కళ్ళు తుడుచుకుంటూ, "అద్దె ముగ్గురం పంచుకుంటున్నాం, హాస్టలు కంటే..." అని మొదలుపెట్టింది.

"నేనడిగానా?" అన్నాను.

కొత్తిమీర కట్ట మీదయినా ధర అడక్కుండా చెయ్యి వెయ్యని మనిషిని అది పుట్టినప్పటి నుంచీ చూస్తోంది. ఆ మాటకు చివరి మెట్టు మీదే ఆగిపోయింది. గేటు దాటేదాకా నా వెనక అడుగుల చప్పుడు వినపడలేదు.