దోహా నుంచి ఆక్లాండ్‌కి కుట్టుమిషను దారం

మా చిన్నప్పుడు... నేను గ్లోబు ముందేసుకుని కూర్చుంటే చాలు, "దీనికి ఫారిన్ పిచ్చి" అని మా ఇంట్లో తేల్చేసేవాళ్లు. అసలేం చేస్తున్నావే అని ఒక్కరు అడిగిన పాపాన పోలేదు.

నేను చేసేదల్లా ఇది. అమ్మ కుట్టుమిషను దారం తీసి భూమధ్యరేఖ చుట్టూ చుట్టేదాన్ని. ఆ పొడవంటే నలభై వేల కిలోమీటర్లన్నమాట. ఇక ఆ లెక్కన ఏ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరమైనా కొలవచ్చు. విమానం గంటకి తొమ్మిది వందల కిలోమీటర్లు పోతుందనుకుని భాగిస్తే ప్రయాణం ఎన్ని గంటలో తేలిపోతుంది. దోహా నుంచి ఆక్లాండ్ నాకు మహా ఇష్టం... పదహారు గంటలు. అట్లాసులో స్కేలు పెట్టి గీసిన గీత ఒక దారిన పోతే, గ్లోబు మీద బిగించిన దారం ఇంకో దారిన పోయేది. అదెందుకలా అని అన్నం కూడా మర్చిపోయి చూసేదాన్ని.

జగ్గయ్యపేటలో మాది ఎరువుల కొట్టు. ఇంటికి ఎవరొచ్చినా లడ్డూ, కారప్పూస పళ్లెంతో పాటు నన్నూ, నా గ్లోబునీ తెచ్చి ముందు పెట్టేవాళ్లు. వత్సవాయి నుంచి పెదనాన్న వస్తే మరీను. లడ్డూ చిదిపిన చెయ్యి కడుక్కోకుండానే గ్లోబు తిప్పి, "ఇక్కణ్ణించి ఇక్కడికి చెప్పవే" అనేవాడు. పసిఫిక్ సముద్రం నిండా నెయ్యి... వేలిముద్రలు... బూంది పలుకులు. చెప్పగానే అదే చేత్తో నా బుగ్గ గిల్లేవాడు. ఆ జిడ్డు తలుచుకుంటే ఇప్పటికీ బుగ్గ తుడుచుకుంటాను.

"ఇది మనూళ్లో నిలిచే పిల్ల కాదురా తమ్ముడూ. రెక్కలున్నోణ్ణి చూడాల్సిందే" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. గ్లోబు తుడుచుకునేది మాత్రం నేను.

బీటెక్ అయిపోయింది. పోయిన వారం ఆ పెదనాన్నే నందిగామ వాళ్ల సంబంధం తెచ్చాడు. అబ్బాయి ఆక్లాండ్‌లో ఉంటాడు. మనిషెలాంటివాడో ఎవరికీ పట్టలేదు. "దోహాలో ఎక్కితే పదహారు గంటలు ఎక్కడా దిగేది లేదంట. మన చుట్టాల్లో ఇంత దూరం పిల్లనిచ్చినోళ్లు ఎవరున్నార్రా" అని పెదనాన్న ఒకటే మురిసిపోవడం. మా వైపు అంతే... సంబంధం ఎంత దూరమైతే అంత గొప్ప.

"నాకొద్దు నాన్నా" అన్నాను.

"అదేంటమ్మా, చిన్నప్పుడు ఎప్పుడూ ఆ ఊరే కదా కొలిచేదానివి" అన్నాడు నాన్న. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"కొలిచా నాన్నా. వెళ్తానన్నానా?"

"వెళ్లడానిక్కాకపోతే కొలిచేది ఇంకెందుకే?" అంది అమ్మ వంటింట్లోంచి.

అసహ్యం వేసింది... నా ఆటని ఇన్నేళ్లుగా ఇంట్లోవాళ్లు పెళ్లి దరఖాస్తులా దాచిపెట్టుకున్నందుకు.

ఇప్పుడు ఫోన్‌లో రెండు ఊళ్ల పేర్లు కొడితే దూరం, టైము క్షణంలో వచ్చేస్తాయి. దారం పట్టుకుని కూర్చునే ఓపిక ఎవరికీ లేదు... నాక్కూడా. మీ చిన్నప్పటి పిచ్చిని కూడా మీవాళ్లు ఇలాగే తమకి కావలసినట్టు అర్థం చేసుకున్నారా? కింద రాయండి, చదువుతాను.

ఆదివారం పెళ్లిచూపులు పెట్టారు. రావద్దని నందిగామ వాళ్లకి పొద్దున నేనే ఫోన్ చేసి చెప్పేశాను.