వనపర్తిలో మేక్‌ఫైల్ విడదీసిన సంగతి

కొత్త జిల్లాలు ఏర్పడిన ఏడాది, దసరా దాటాక, నన్ను హైదరాబాద్ నుంచి వనపర్తి యూనిట్‌కు సీనియర్ ఇంజనీరుగా వేశారు. వ్యవసాయ మోటార్లకు బిగించే ఆటో స్టార్టర్ డబ్బాలు తయారుచేసే చిన్న కంపెనీ మాది. కరెంటు రాగానే మోటారును నడపడం, నీళ్లు అయిపోతే ఆపేయడం ఆ డబ్బా పని. లోపలి చిప్‌లో నడిచే ప్రోగ్రామ్ మేం రాసేవాళ్లం. రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాణ్ణి, నాలుగు రోజులు ప్రశాంతంగా ఉంటాడని పంపారనుకున్నాను. వెళ్లిన రోజే ఆ భ్రమ వదిలింది.

రాసిన ప్రోగ్రామ్‌ను చిప్‌కు ఎక్కే రూపంలోకి మార్చడాన్ని మేం 'బిల్డ్' అంటాం. అందుకు హాల్లో ఒకటే కంప్యూటర్. ఆ పని చేసే సాధనం పేరు మేక్. ఏది దేని నుంచి తయారవుతుందో మేక్‌ఫైల్ అనే ఫైలులో రాసి పెడితే, అది ఫైళ్లు చివరిసారి మారిన సమయాలు పోల్చి చూసి, మారిన వాటిని మాత్రమే మళ్లీ తయారుచేస్తుంది. మా మేక్‌ఫైల్ ఒక్కటే, చాంతాడంత. రాసినాయన ఎప్పుడో ఉద్యోగం మానేశాడు. ఆయన లైన్లు ముట్టుకోవడానికి జంకి, తర్వాత వచ్చినవాళ్లంతా తలా కొంత అడుగున అతికిస్తూ పోయారు. చదవబోతే నాకు తల తిరిగింది.

ఒక్కో ఊరికి వెళ్లే డబ్బాకు సెట్టింగులు వేరు. అక్కడో ఆచారం ఉండేది. గద్వాల డబ్బాకు బిల్డ్ చేశాక నాగర్‌కర్నూల్ డబ్బాకు చేయాలంటే, అంతకుముందు తయారైన ప్రోగ్రామ్ ముక్కలన్నీ తుడిచేసి మొదటి నుంచి కట్టాలి. తుడిచేవాళ్లు ముందుగా "తుడుస్తున్న!" అని హాలంతా వినబడేలా కేక వేయాలి. అందరి పనీ మొదటికొస్తుంది కాబట్టి అందరూ సణుక్కుంటూ టీకి లేచేవాళ్లు. ఎందుకు తుడవాలని అడిగితే, "గట్లనే చేస్తరు సార్" అన్నారు.

యాసంగిలో పల్లి చేలు ఊడలు దిగే వేళ, నాగర్‌కర్నూల్ దగ్గర కుర్మయ్య అనే రైతు బోరు మోటారు కాలిపోయింది. నీళ్లు అయిపోయినా మా డబ్బా మోటారును ఆపలేదు. ఆ ఆపే భాగం రాసింది నసీమా. రోజూ ఆత్మకూరు నుంచి బస్సులో వచ్చే జూనియర్ ఇంజనీరు, ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. తప్పు ఆమెదని తేలితే పంపించేస్తానని మేనేజర్ రాఘవులు గారు అందరి ముందే అన్నారు.

నేను ఆ డబ్బా తెప్పించి, బోర్డు విప్పి రిలేలు, వైర్లు పరీక్షిస్తూ కూర్చున్నాను. అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు నసీమా తనంతట తానే వచ్చి నిలబడింది.

"సార్, ఆ డబ్బా కట్టినప్పుడు నేను తుడవలే. గద్వాల డబ్బా చేసేటోళ్లు డెలివరీ పెట్టుకోని కూసున్నరు. తుడిస్తే వాళ్ల పని మల్ల మొదటికొస్తది. ఎందుకు పరేషాన్ చేయాలె అని ఊకున్న."

ఉద్యోగం ఊడుతుందని తెలిసీ చెప్పిన మాట అది. ఆ మాటకు ఇప్పటికీ ఆమెకు రుణపడి ఉన్నాను. ఆమె దాచి ఉంటే నేను ఇంకా ఆ వైర్లే లాగుతూ ఉండేవాణ్ణి.

వెంటనే గద్వాలకు ఒక బిల్డ్ చేసి, తుడవకుండా నాగర్‌కర్నూల్‌కు చేసి చూశాను. సంగతి బయటపడింది. గద్వాల వైపు నది ఒడ్డు మోటార్లకు పైపు పొడవు, నీళ్లు రావడానికి సమయం పడుతుంది కాబట్టి డబ్బా చాలాసేపు ఓపిక పడుతుంది. నాగర్‌కర్నూల్ బోర్లలో నీళ్లు ఆగి ఆగి పోస్తాయి, అక్కడ త్వరగా ఆపాలి. కానీ ఊరి పేరు మార్చి చెబితే ఫైళ్ల సమయాలు మారవు. మేక్‌కు అంతా తాజాగానే కనబడి, గద్వాల ముక్కనే తీసి నాగర్‌కర్నూల్ డబ్బాలో పెట్టింది. నదికి పట్టే ఓపిక బోరు మీద పట్టేసరికి మోటారు మాడిపోయింది.

రాఘవులు గారికి చూపించాను. "ఆమెనే ఒప్పుకుంటున్నది కద సార్, ఇంకేంది?" అన్నారు. నాకు కోపం తొందరగా వస్తుంది. రేపు ఇంకొకరు తుడవరు, వాళ్లనూ పంపేద్దాం, ఆఖరికి మీరూ నేనూ కూర్చుని డబ్బాలు కడదాం అన్నాను. ఆయన నవ్వలేదు. అయితే, సరిచేసిన డబ్బాను ఆ రైతు మళ్లీ పెట్టుకుంటే అప్పుడు ఆమె సంగతి ఆలోచిస్తానన్నారు. అంతమాత్రం దారి ఇచ్చినందుకు ఆయనకూ కృతజ్ఞుణ్ణే.

నసీమా, నేను కలిసి మేక్‌ఫైల్ విడదీశాం. మోటారు నడిపే భాగం, ఆపే భాగం, ఫోనుకు మెసేజ్ పంపే భాగం, దేని ఫోల్డర్‌లో దానికే ఒక చిన్న ఫైలు. అందులో ఆ భాగం సంగతులే ఉంటాయి. పెద్ద మేక్‌ఫైల్ వాటిని పిలిచి కలుపుకొంటుంది, అంతే. ఏ ఊరి ముక్కలకు ఆ ఊరి ఫోల్డరే పెట్టాం, ఒకదాని ముక్క ఇంకొకదానిలోకి పోయే దారే లేదు. ఏ ఫైలు ఏ సెట్టింగుల మీద ఆధారపడిందో చేత్తో రాయడం మానేసి, ఆ జాబితాను ప్రోగ్రామ్‌ను చిప్ భాషలోకి మార్చే కంపైలరే రాసేలా చేశాం. ఊరు మార్చినా తుడవనక్కరలేదు.

కొత్త డబ్బాతో కుర్మయ్య చేనుకు వెళ్లాం. మోటారుకు వైండింగ్ చేయించుకుని, చేత్తోనే ఆన్ చేసుకుంటున్నాడు. అప్పటికే ఒక మడి ఎండు మొహం పట్టింది. తుడవకుండా డబ్బా కట్టింది తానేనని నసీమానే ఆయనకు విడమరిచి చెప్పింది. తిడతాడనుకున్నాను, తిట్టే హక్కు ఆయనకుంది. ఆయన డబ్బాను కాసేపు చూసి, "పెట్టుకుంట. గాని నీళ్లు అయిపోయి మోటరు బందయ్యేదంక ఈ బిడ్డ ఈడనే కూసోవాలె" అన్నాడు.

నసీమా గట్టు మీద కూర్చుంది. నేను కూర్చోలేకపోయాను. పైపు బాగానే పోసింది, తర్వాత ధార సన్నబడి, దగ్గి, గాలి కక్కింది. మోటారు ఆగిపోయింది. నసీమా మొహం రెండు చేతుల్లో దాచుకుంది.

కుర్మయ్య డబ్బా మీద చెయ్యి పెట్టి అడిగాడు. "మల్లోసారి నువ్వు తుడుసుడు యాది మరిస్తే?"

"మరిచినా ఏం గాదు పెద్దనాయనా. ఇప్పుడు యాది పెట్టుకునేదే లేదు."

ఆయన అక్కడి నుంచే రాఘవులు గారికి ఫోన్ చేసి, డబ్బా ఉంచుకుంటున్నానని, ఏమన్నా అయితే ఈ అమ్మాయినే పంపమని చెప్పాడు. మోటారు పోగొట్టుకున్న మనిషి ఆమె కొలువు నిలబెట్టాడు. సర్వీసులో నాకు దక్కిన మేళ్లలో అంత పెద్దది ఇంకొకటి లేదు.

పక్కవాళ్ల పని ఆపకూడదని నసీమా అనుకోవడం తప్పు కాదు. అంత మాత్రానికే మోటారు కాలేలా మేం బిల్డ్ కట్టుకోవడం తప్పు. నేను రిటైరయ్యేనాటికి ఆ యూనిట్‌లో బిల్డ్ బాధ్యత ఆమెదే. పక్కవాళ్లను ఆపడానికి ఆమె అప్పటికీ మొహమాటపడేది, డబ్బాలు మాత్రం వేటికవి సరిగ్గానే వెళ్లేవి.