కుప్పం దాకా వెళ్లిపోయిన పెద్దాయన

నిరుడు పుంగనూరులో మా మేడమీది వాటాలో, ఫిలిప్పీన్స్ నుంచి చర్చి సేవకు వచ్చిన వృద్ధ దంపతులు ఉండేవారు. ఒకరోజు పొద్దున్నే మదనపల్లె చర్చికి వెళ్లిన పెద్దాయన పొద్దుగూకుతున్నా రాలేదు. ఫోన్ ఇంట్లోనే మరిచిపోయారు. ఆయన భార్య మరియా మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటే చూడలేక, ఆమెను బస్టాండుకు తీసుకెళ్లాను. వచ్చిన ప్రతి బస్సులోకీ తొంగిచూశాం.

చివరికి కుప్పం నుంచి వచ్చిన బస్సులోంచి ఆయన నింపాదిగా దిగారు. తిరుగుప్రయాణంలో నిద్రపట్టి, మా ఊరు దాటి కుప్పం దాకా వెళ్లిపోయారట!

"యాడికి పోయినావప్పా? ఈయమ్మ పానం పోతాండాది!" అని అందరి ముందూ అరిచేశాను. డెబ్బయ్యేళ్ల మనిషి తలవంచుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

మరియా నా చెయ్యి పట్టుకుని ఇంగ్లీషులో, "మీరేమన్నారో తెలీదు. నేను అనాలనుకున్నది మాత్రం అదే!" అంది.

మా ఆయన మీద కూడా ఎన్నడూ అలా అరవలేదు. ఆ ఆరాటంలో ఆ పెద్దాయన పరాయివాడన్న సంగతే మరిచిపోయాను.