పాత జాడీ ఘాటు

తిరువూరులో బాలశౌరి మాస్టారు క్రిస్మస్ ద్రాక్షారసం ఇంట్లోనే చేస్తారు. వేసవి మొదట్లో బెజవాడ బజారులో చవగ్గా దొరికే నల్లద్రాక్షని చక్కెరతో కలిపి, అత్తగారిచ్చిన పాత ఆవకాయ జాడీలో పోసి, మూతికి గుడ్డతో వాసెన కడతారు. డిసెంబరులో ఆ వాసెన విప్పిన రోజే ఆయనకి అసలు పండగ. స్టీలు గ్లాసులో రంగు తెలియదని గాజు గ్లాసులో కాస్త పోసుకుని, కిటికీ వెలుగుకి పట్టి చూస్తారు. కళ్లు మూసుకుని వాసన పీలుస్తారు. ఒక్క గుక్క నాలుక మీద కాసేపు నిలిపి మింగుతారు. ఎంత కడిగినా ఆ జాడీకి ఆవఘాటు పోదు, రసానికీ అంటుతుంది. పండక్కి వచ్చినవాళ్లు అది పసిగట్టి నవ్వుతుంటే ఆయన భార్య ప్రేమావతికి తల కొట్టేసినట్టుండేది. అందుకే ఈ ఏడు పట్టుబట్టి కొత్త గాజు జాడీ కొనిపించింది.

డిసెంబరులో ఆ గాజు జాడీ వాసెన విప్పి మాస్టారు రంగు చూశారు, వాసన పీల్చారు, గుక్క మింగారు. “ఎలా ఉందండీ?” అంది ప్రేమావతి ఆత్రంగా. “శుభ్రంగా ఉంది,” అన్నారాయన, మొహంలో ఏ వెలుగూ లేకుండా. కాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చుని, మెల్లగా లేచి గ్లాసుతోనే వంటింట్లోకి వెళ్లారు. ఆవిడ తలుపు దగ్గర్నుంచి తొంగిచూసింది. ఆయన ఖాళీగా ఉన్న పాత జాడీ మూత తీసి, జాడీలోకి ముక్కు దూర్చి గట్టిగా పీల్చి, వెంటనే రెండో గుక్క తాగి, “ఆఁ!” అన్నారు తృప్తిగా.

“సరేలెండి,” అంది ప్రేమావతి నవ్వాపుకుంటూ, “వచ్చే ఏడు గాజు జాడీలో నేను ఆవకాయ పెట్టుకుంటాను.”