రంగు విరిగిన నీళ్లు

మా కెమిస్ట్రీ మేడం పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను వనపర్తి బస్టాండులో గద్వాల బస్సు ఎక్కబోతున్నాను, ఆమె పంపిన పని మీదే. "గుండె నొప్పి వచ్చిందట, దవాఖానకు తీస్కపోయేలోపే..." అన్నాడు కాలేజీ అటెండర్. ఏ బస్సెక్కాలో తోచక అటూ ఇటూ తిరిగాను. ఇప్పటికీ ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఇది కూడా నిలబడే రాస్తున్నాను.

కుదురు ఆమెకూ లేదు. బల్ల మీద చాయ్ చల్లారిపోయేది, ఆమె మాత్రం సీసాల మధ్య తిరుగుతూనే ఉండేవారు.

గద్వాలలో చీరల నూలుకు రంగులద్దే ఒక అక్క ఉంది. ఆమె పెరట్లోంచి కాలువలోకి పోయే రంగునీళ్లను శుభ్రం చేయాలని మేడం పట్టు. కంటికి ఆననంత సన్నటి ఐరన్ ఆక్సైడ్ పొడి, కొంచెం పెరాక్సైడ్ కలిపితే రంగు విరిగిపోతుంది. మొదటిసారి నీళ్లు తేటపడగానే మేం చప్పట్లు కొట్టాం. మేడం సీసాను వెలుతురుకు పెట్టి చూశారు.

"రంగు పోయింది సరే. మన పొడి ఏడికి పోయింది? అది గూడ నీళ్లల్లనే ఉన్నది గద!"

అప్పటినుంచి ఆ పొడిని మట్టి గుళికల మీద నిలిపే ప్రయత్నం. గుళికలైతే తీసి, కడిగి, మళ్లీ వాడొచ్చు. కొన్ని పగిలాయి, పగలనివి పని చేయలేదు. "మల్ల చేద్దాం" అనేవారు, అప్పటికే మట్టి పిసుకుతూ.

చివరికి కొన్ని నిలిచాయి. అక్క పెరటి తొట్టిలో వేస్తే, వాడిన ప్రతిసారీ నీళ్లు తేటపడ్డాయి. అక్క సంబరంగా చెంబు ముంచి జామచెట్టు వైపు నడిచింది. మేడం అడ్డం నిలబడ్డారు.

"జర ఆగక్కా. రంగు పోయింది గని, నీళ్లు మంచిగైనయో లేదో నాకింక తెల్వదు."

"గింత తెల్లగున్నయి, ఇంకేం తెల్వాలె మేడం?"

ఆ నీళ్లను ల్యాబులో పరీక్షిస్తే తేలింది: వాడేకొద్దీ గుళికల నుంచి పొడి ఊడివస్తోంది. ఆ మాట చెప్పడానికి మేడం స్వయంగా వెళ్లారు. అక్కకు కోపం వచ్చింది. "మా ఇల్లేమన్న మీ ల్యాబా? ఇగ రాకుండ్రి."

తిరుగు బస్సులో సీటున్నా మేడం కూర్చోలేదు. "ఆమె కోపం నిజమే. మంచిగైనయని చెప్పి, తెల్వని నీళ్లు ఆమె చెట్టుకు పోపిస్తనా మరి?"

ఆ తర్వాత ఎక్కువ వేడిలో కాల్చిన కొత్త గుళికలు ల్యాబులో గట్టిగానే నిలిచాయి. అక్కను బతిమాలి మళ్లీ ఒప్పించమని పోయిన రోజు ఉదయం మేడం నన్ను పంపింది అందుకే. ఆ పని ఇప్పుడు నాది. నీళ్లు నిజంగా బాగుపడ్డాయో లేదో ఇంకా తేలలేదు.

ఫోన్ చేసి అక్కకు చావు కబురు ఒక్కటే చెప్పాను. మధ్యాహ్నానికల్లా మేడం ఊరు వీపనగండ్లకు వచ్చేసింది. "తొట్టి ఖాళీగనే ఉన్నది. ఎప్పుడన్న రా" అంది నాతో. నూలు ముంచుతూ ముంచుతూ వచ్చినట్టుంది, మోచేతుల దాకా ఎర్రరంగు అంటి ఉంది. మేడం మీద కప్పిన తెల్లబట్ట చూసి చేతులు వెనక్కి తీసుకుంది. కొంగును రెండు చేతులకూ చుట్టుకుని, వంగి మేడం కాళ్లు పట్టుకుంది.