అణువుల మావయ్య

మా మావయ్య లెక్కలో లోకంలో రెండే జాతులు: లోపల అణువులు వరసగా నిలబడ్డవీ, నిలబడనివీ. ఉప్పు, పంచదార, వజ్రం మొదటి జాతి. గాజు, లక్క రెండోది. మనుషుల్ని కూడా వదిలిపెట్టలేదు.

"మీ అత్తయ్య స్ఫటికంరా. ఏ డబ్బా ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది."

"మరి మీరు?"

"గాజు. హడావుడిగా చల్లారిపోయాను. అణువులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి."

"చల్లారింది కాఫీ. ముందది తాగండి," అని వంటింట్లోంచి అత్తయ్య.

మేమిద్దరం గాజు కార్ఖానాలో పనిచేసేవాళ్ళం. ఆయన పరీక్షల గదిలో, నేను ప్యాకింగులో. టీ గ్లాసుతో ఎవడైనా ఆయనకి దొరికాడా, అయిపోయాడే! గ్లాసులో అణువుల గజిబిజి, కరగకముందు పంచదార గింజ ఎంత పద్ధతిగా ఉండేదీ, అంతా చెప్పి, టీ చల్లబడ్డాక వదిలేవాడు. ఒకసారి ఆయన వస్తున్నాడని సూపర్‌వైజరు నా అట్టపెట్టెలో దూరాడు.

ఒకరోజు భోజనాల వేళ పెద్ద కటకం కోసం పోసిన గాజు పాడైంది. కరిగిన గాజుని చల్లార్చేటప్పుడు ఒక మధ్య వేడిని గబగబా దాటించాలి. అక్కడే నిలిచిపోతే అణువులకి తీరిక దొరికి వరసలు కట్టేస్తాయి, గాజు పాలలా తెల్లబడుతుంది. సరిగ్గా అక్కడే కొలిమి చూసే ఆవిడకి కునుకు పట్టింది. కూతురికి జ్వరం, మూడు రోజులుగా ఆవిడకి నిద్ర లేదు.

మేనేజరు అందరి ముందూ విరుచుకుపడ్డాడు.

"నలభై నిమిషాలు గాలికొదిలేశావు! రేపట్నుంచి రానక్కర్లేదు."

ఆవిడ తల దించుకుంది. మావయ్య చెంప పట్టుకుని ముందుకొచ్చాడు.

"తప్పు నాదండీ. అమ్మాయిని కదలనివ్వకుండా అణువుల గురించి చెబుతూ కూర్చున్నాను."

ఆవిడ తలెత్తి ఏదో అనబోయింది.

"నువ్వుండమ్మా, ఇంకా సగం మిగిలింది," అన్నాడు మావయ్య.

"నలభై నిమిషాలా?" అన్నాడు మేనేజరు.

"అప్పటికింకా పంచదార దగ్గరే ఉన్నాను."

మేనేజరు కూడా ఒకప్పుడు దొరికినవాడే. ఆవిడని పనిలోకి పొమ్మని, "ఇకమీదట మీరు కొలిమి ఛాయలకి రావద్దు," అని మావయ్యకి గట్టిగా చెప్పి వెళ్ళిపోయాడు.

మావయ్య మీద నాకు అప్పుడు పుట్టినంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు. ఆ నలభై నిమిషాలూ ఆయన వీధి చివర పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నాడు, పక్కన నేనున్నాను. నాకు తెలిసి ఆయన అణువుల ఊసెత్తకుండా గడిపిన నలభై నిమిషాలు అవి మాత్రమే.