నోటుబుక్కులోకి ఎక్కని మాత్రలు

మంగళవారం సాయంత్రం. తిరువళ్లూరులో డాక్టరును చూసి ఇప్పుడే తిరుత్తణి చేరాం. రేపటికల్లా నాకు నేనే సాకులు చెప్పుకుంటానని ఇవాళే రాస్తున్నాను.

మా ఆయనకు యూరిక్ యాసిడ్ ఎక్కువ. ఆయన వేసుకునే ప్రతి మాత్రా నేను నోటుబుక్కులో రాస్తాను. ఈసారి పరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా పెరిగింది. డాక్టరు నోటుబుక్కంతా తిరగేసి, "ఇందులో లేనిది ఏమన్నా ఇచ్చినారా అమ్మా?" అని అడిగారు.

"మాయామె రాయకుండా నీళ్లు కూడా ఇయ్యదు సార్" అని మా ఆయన నవ్వారు.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. కృత్తిక పండక్కి ఆయన గుడి కొండ మెట్లెక్కాలని పట్టుబడితే, కాలి బొటనవేలి నొప్పి తగ్గడానికి వారం రోజులు నా మోకాళ్ల మాత్రలు ఇచ్చాను. డాక్టరు రాసినవి కావు కదా అని నోటుబుక్కులో ఎక్కించలేదు.

"ఇచ్చినాను సార్, రోజుకు రెండు."

"నేనే అడిగినా సార్, ఆమెను ఏమీ అనబాకండి" అన్నారు మా ఆయన.

డాక్టరు నవ్వలేదు. "నొప్పి మాత్రలు కిడ్నీకి పడవమ్మా. పెరిగిన క్రియాటినిన్ దిగుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను" అన్నారు.

మీ ఇళ్లలోనూ లెక్కలోకి రాని మాత్రలుంటే చెప్పండి, సిగ్గు నాకొక్కదానికే ఎందుకు?

ఇక జరగవలసినవి:

1. నా మోకాళ్ల మాత్రలు కోడలి దగ్గర ఉండాలి.
2. రెండు వారాలకు మళ్లీ రక్తపరీక్ష.
3. వచ్చే కృత్తికకు కొండమీదికి బస్సులోనే. ఆయన ఇంకా ఒప్పుకోలేదు.